వంశవృక్షంలో జన్యువు జాడ: లాడ్ స్కోరు ప్రోగ్రాము డైరీ

1వ రోజు

కుటుంబాల డేటాతో జబ్బు జన్యువు ఏ క్రోమోజోము మీద ఎక్కడుందో వెతికే ప్రోగ్రాములు ఏళ్ళుగా వాడుతున్నాను. ఫైలు ఇస్తాను, స్కోరు వస్తుంది, గ్రాఫు గీస్తాను. ఆ మధ్యలో జరిగేదేమిటో చదువుకున్నానే గానీ నా చేత్తో కట్టి చూడలేదు. ఈసారి ఆ పనే పెట్టుకున్నాను. పైథాన్‌లో, ఈ రంగం కోసం రాసిన రెడీమేడ్ లైబ్రరీ ఏదీ వాడకుండా, లింకేజీ లెక్క, అంటే క్రోమోజోము మీద రెండు చోట్లు కుటుంబంలో కలిసి నడుస్తున్నాయా అన్న లెక్క, మొదటి నుంచి రాయాలి. అది నిలబడ్డాక టీడీటీ, అంటే తల్లిదండ్రులు తమలోని రెండు రూపాల్లో ఏది జబ్బు బిడ్డకు ఇచ్చారో చూసే పరీక్ష.

డేటా నేనే పుట్టిస్తాను. నిజమైన మనుషుల వివరాలు ఇలాంటి అభ్యాసానికి వాడుకునేవి కావు. పైగా జన్యువును ఎక్కడ దాచానో నాకు తెలిసి ఉంటేనే ప్రోగ్రాము సరిగ్గా చెప్పిందో లేదో తేలుతుంది.

అసలు సూత్రం చిన్నదే. తండ్రి క్రోమోజోము బిడ్డకు ఉన్నదున్నట్టుగా రాదు. బీజకణం తయారయ్యేటప్పుడు జంట క్రోమోజోములు ముక్కలు మార్చుకుంటాయి. దగ్గర దగ్గరగా ఉన్న రెండు చోట్లు కలిసే బిడ్డకు చేరతాయి, దూరంగా ఉన్నవి విడిపోతుంటాయి. ఎంత తరచుగా విడిపోతాయన్నదే థీటా. అది సున్నా అయితే ఎప్పుడూ విడిపోవు, 0.5 అయితే ఒకదానికొకటి సంబంధం లేదు. నూటికి ఒకసారి విడిపోతే ఆ దూరం దాదాపు 1 సెంటీమోర్గాన్, మనిషిలో సగటున సుమారు పది లక్షల బేసులు, అంటే డీఎన్‌ఏ అక్షరాలు. జబ్బు జన్యువు మనకు కనబడదు, మార్కర్ కనబడుతుంది, అంటే క్రోమోజోము మీద చోటు తెలిసిన, మనిషికీ మనిషికీ తేడా ఉండే గుర్తు. కుటుంబంలో జబ్బుతో పాటు ఏ మార్కర్ కదులుతోందో పట్టుకుంటే జన్యువు ఆ చుట్టుపక్కలే ఉన్నట్టు.

1955లో న్యూటన్ మార్టన్ దీనికి ఒక కొలత పెట్టాడు. థీటా ఫలానా అనుకుంటే ఈ కుటుంబం ఇలా కనబడే సంభావ్యత ఎంత? 0.5 అనుకుంటే ఎంత? మొదటిదాన్ని రెండోదానితో భాగించి, పది ఆధారంగా లాగరిథం తీస్తే అదే లాడ్ స్కోరు. 3 వస్తే లింకేజీ ఉందంటాం, మైనస్ 2కి పడితే లేదంటాం. లాగరిథం కాబట్టి వేరువేరు కుటుంబాల స్కోర్లు కూడుకుంటూ పోవచ్చు. ఒక్క కుటుంబం చాలనప్పుడు మరో కుటుంబం కోసం ఆగే ఓపిక ఈ పద్ధతిలోనే ఉంది. నాకు ఇది మొదటి నుంచీ నచ్చింది ఇందుకే.

2వ రోజు

కోడుకు ముందు కాగితం మీద. తండ్రికి బహిర్గత జబ్బు, అంటే జబ్బు జన్యువు ఒక్క ప్రతి ఉన్నా వచ్చేది. పదిమంది పిల్లలు. తండ్రిలో మార్కర్ రెండు రూపాలు, అంటే అల్లీళ్ళు, 1, 2. జబ్బు వచ్చిన పిల్లలందరికీ తండ్రి నుంచి 1 వచ్చింది, రానివాళ్ళందరికీ 2 వచ్చింది. థీటా సున్నా అనుకుంటే నిష్పత్తి రెండుకు పదో ఘాతం, అంటే 1024. లాడ్ 3.01.

ఇప్పుడు పదిమందిలో ఒక్కరు ఎదురు తిరిగారనుకుందాం, అంటే జబ్బు ఉండి 2 గానీ, జబ్బు లేకుండా 1 గానీ వచ్చింది. థీటా సున్నా దగ్గర సంభావ్యతే సున్నా, లాడ్ మైనస్ అనంతం. థీటా 0.1 దగ్గర గరిష్ఠం, లాడ్ 1.60. ఒక ట్యూబు మీద లేబుల్ మారినా, ఒక అల్లీల్ తప్పు చదివినా, 3.01 కాస్తా 1.60 అవుతుంది. ఈ రెండు అంకెలూ కాగితం మీద పెద్దగా రాసి టేబుల్ ముందు అంటించాను.

ఇంకో చిక్కు, ఫేజ్. తండ్రిలో జబ్బు అల్లీల్ ఉన్నది 1 ఉన్న క్రోమోజోము మీదా, 2 ఉన్నదాని మీదా? తాత, నానమ్మల శాంపిళ్ళు ఉంటే తెలిసేది. లేకపోతే రెండూ సమానంగా సాధ్యమనుకుని సగటు తీయాలి. అలా చేస్తే ఒక్కరు కూడా ఎదురు తిరగని అదే కుటుంబానికి 3.01 బదులు 2.71. ఆ 0.30 తేడా ముసలివాళ్ళ ఇద్దరి రక్తం విలువ. ఫేజ్ నాకు తెలుసన్నట్టు రాసేస్తే ఆ 0.30 ఉచితంగా వచ్చినట్టు కనబడుతుంది. అది నాది కాదు.

5వ రోజు

పెద్ద కుటుంబాలు. జబ్బుకు రెండు అల్లీళ్ళు, మార్కర్‌కు నాలుగు. ఒక క్రోమోజోము మీద 8 రకాల హాప్లోటైపులు (ఒకే క్రోమోజోము మీద కలిసి ఉన్న అల్లీళ్ళ కూర్పులు), ఒక మనిషిలో 64 రకాల జంటలు. ఇరవైమంది ఉంటే 64కు ఇరవయ్యో ఘాతం, 1 తరువాత 36 సున్నాల కన్నా పెద్దది. అన్నీ ఒక్కొక్కటిగా కూడే పని ఏ యంత్రం వల్లా కాదు.

దీనికి 1971లో ఎల్‌స్టన్, స్టూవర్ట్ చూపిన దారిని పీలింగ్ అంటారు. పొర ఒలిచినట్టు వంశవృక్షాన్ని అంచుల నుంచి ఒలుచుకుంటూ రావాలి. ఒక చిన్న కుటుంబాన్ని, అంటే తల్లీ తండ్రీ పిల్లల్ని, తీసుకుని వాళ్ళ గురించి తెలిసినదంతా మిగతా వృక్షానికి ముడిపడ్డ ఆ ఒక్క మనిషి మీద 64 అంకెల వరుసగా కుదించి పెట్టాలి. ఇక ఆ కుటుంబాన్ని పక్కన పెట్టేయొచ్చు. ఇలా ఒక్కో కొమ్మా ముడుచుకుంటూ చివరికి ఒక్కరి దగ్గర తేలుతుంది. మనుషులు పెరిగేకొద్దీ పని వరుసగా పెరుగుతుందే తప్ప పేలిపోదు.

రెండు రోజులు పట్టింది. తల్లి వైపు ఒలిచినా, తండ్రి వైపు ఒలిచినా, మనవడి దగ్గర ముగించినా ఒకే అంకె రావాలి. మూడు దిక్కుల నుంచీ ఆరో దశాంశం దాకా అదే వచ్చింది. ఈ పరీక్ష ఎవరూ చెప్పకుండా తట్టినందుకు సంతోషంగా ఉంది. అప్పటి నుంచి కోడు మార్చిన ప్రతిసారీ ముందు ఇదే నడుపుతున్నాను.

8వ రోజు

రెండు తప్పులు దొరికాయి.

మొదటిది చిన్నది. కుటుంబాలన్నిటి సంభావ్యతలనూ గుణిస్తూ పోతే ఒక దశలో అంతా సున్నా అయిపోయింది. పదికి మైనస్ 308వ ఘాతం కన్నా బాగా కిందికి పోతే మామూలు దశాంశ సంఖ్య నిలవదు. లాగరిథాల్లోకి మార్చాను, ఒలిచేటప్పుడు మధ్యమధ్యలో వరుసను స్కేల్ చేస్తున్నాను.

రెండోది నిజంగా కష్టపెట్టింది. తోబుట్టువుల పిల్లల మధ్య పెళ్ళి జరిగిన కుటుంబంలో లాడ్ అసాధ్యమైనంత పెద్దదిగా వచ్చింది. వృక్షం అక్కడ చెట్టులా లేదు, ఉచ్చులా చుట్టుకుంది. ముత్తాత సమాచారం రెండు దారుల్లో దిగి చివరి బిడ్డ దగ్గర కలుస్తోంది, నా కోడు దాన్ని రెండు వేరు సాక్ష్యాలుగా లెక్కేసింది. ఉచ్చు తెంపడానికి ఒక మనిషిని రెండుగా రాసి, ఇద్దరికీ ఒకే జన్యురూపం ఉందని కట్టడి చేసి, ఆ 64 రకాల్లో ఒక్కోదానికీ విడిగా ఒలిచి కూడాలి. నెమ్మదిగా నడుస్తుంది, కానీ సరిగ్గా నడుస్తుంది.

మార్కర్లు ఎక్కువైతే పీలింగ్ చేతులెత్తేస్తుంది. అక్కడ 1987 నాటి లాండర్, గ్రీన్ పద్ధతి పనికొస్తుంది. క్రోమోజోము వెంట నడుస్తూ, ప్రతి చోటా ఎవరికి ఏ తాతముత్తాతల ముక్క వచ్చిందో ఒక బిట్ల వరుసగా పెట్టుకుని, దాన్ని హిడెన్ మార్కోవ్ మోడల్‌గా, అంటే కనబడని స్థితి ఒక్కో అడుగుకూ మారుతూ పోయే వరుసగా, చూస్తుంది. మార్కర్లు ఎన్నున్నా దానికి బరువు కాదు, మనుషులు పెరిగితే బరువు. పై తరం ఆరుగురు, కింద పన్నెండుమంది ఉంటే, కిందివాళ్ళకు తలా రెండు చొప్పున 24 బిట్లు. పై తరంవాళ్ళ రెండు క్రోమోజోముల్లో ఏది ముందు అన్నది తేడా చేయదు కాబట్టి ఆరు తీసేసి 18, అంటే 2,62,144 వరుసలు. లాప్‌టాప్ మోయగలిగిందే. దూరాన్ని థీటాగా మార్చడానికి హాల్డేన్ 1919 సూత్రం పెట్టాను: 10 సెంటీమోర్గాన్లకు 0.0906. సెంటీమోర్గాన్లలో కొలిచే మ్యాపు స్త్రీలలో పురుషులలో కన్నా పొడవు, దాని సంగతి తర్వాత చూస్తాను.

11వ రోజు

జన్యువు లేని చోట నా ప్రోగ్రాము ఎంత తరచుగా ఉందంటుంది? దీనికి జీన్ డ్రాపింగ్ చేశాను. వంశవృక్షం, జబ్బు వివరాలు అలాగే ఉంచి, సంబంధం లేని ఒక మార్కర్‌ను పై తరం నుంచి కిందికి మెండెల్ నియమం ప్రకారం యాదృచ్ఛికంగా జారవిడవాలి. పదిమంది పిల్లలు, ఫేజ్ తెలిసిన మొదటి కుటుంబంతో పదివేల సార్లు చేశాను. 3 దాటింది 11 సార్లు. పదిమందీ ఒకే పక్కకు పడే అవకాశం 1024లో ఒకటి కాబట్టి పదికి కాస్త తక్కువ రావాలి. సరిపోయింది.

3 అంటే వెయ్యికి ఒకటి కదా, మరి ఇంకేం అనుమానం అని చాలామంది అంటారు. అలా కాదు. యాదృచ్ఛికంగా ఎంచిన రెండు చోట్లు అసలు దగ్గరగా ఉండే అవకాశమే దాదాపు 50లో ఒకటి. వెయ్యిని 50తో భాగిస్తే 20. అంటే 3 స్కోరు వెనక ఉన్న నమ్మకం ఇరవైకి ఒకటి, సుమారు 95 శాతం. జీనోమ్ అంతా వెతికేటప్పుడు ఈ గీత 3.3 దగ్గర ఉండాలని 1995లో లాండర్, క్రుగ్లియాక్ లెక్క చూపారు. నా గ్రాఫులో గీతను అక్కడికి జరిపాను.

14వ రోజు

నా స్నేహితురాలు వైద్యురాలు, జన్యు వ్యాధుల కుటుంబాలను చూస్తుంటుంది. నిన్న నా ఫైలు చూసి ఒకటే మాట అడిగింది: “ఆరోగ్యంగా ఉన్నవాడి మాట ఇంతగా ఎందుకు నమ్ముతున్నావు? వాడికింకా ఆ వయసు రాలేదేమో!”

రాత్రంతా అదే ఆలోచన. జబ్బు ఉన్నవాడి దగ్గర జన్యువు ఉందనడానికి చాలావరకు కారణం ఉంది. లేనివాడి దగ్గర జన్యువు లేదని ఎవరు చెప్పారు? నేనే చెప్పాను, ఫైల్లో జబ్బు గడిలో ‘లేదు’ అనే అర్థంతో 1 అని రాసి. ప్రోగ్రాము నన్ను నమ్మింది.

కాగితం తీశాను. పదిమందిలో ఆరుగురికి జబ్బు, అందరికీ మార్కర్ 1 వచ్చింది. నలుగురికి జబ్బు లేదు, ముగ్గురికి 2 వచ్చింది, ఒకడికి 1 వచ్చింది. జన్యువు ఉంటే జబ్బు తప్పదనుకుంటే ఆ ఒక్కడి వల్ల గరిష్ఠం 1.60. ఇప్పుడు పెనెట్రెన్స్ 0.8 పెట్టాను, అంటే జన్యువు ఉన్నా ఐదుగురిలో ఒకరు తప్పించుకుంటారు. థీటా సున్నా దగ్గర జబ్బు ఉన్న ఒక్కొక్కరూ 0.30 ఇస్తారు. మార్కర్ 2 వచ్చిన ఆరోగ్యవంతుడు 0.22 ఇస్తాడు. మార్కర్ 1 వచ్చిన ఆరోగ్యవంతుడు మైనస్ 0.48. కూడితే 1.99. ఆరోగ్యవంతులందరినీ ‘తెలియదు’ అని రాసి, జబ్బు ఉన్నవాళ్ళతోనే లెక్కేస్తే 1.81. ఒకే కుటుంబం, ఒకే రక్తం, మూడు అంకెలు. తేడా అంతా ఆ నలుగురి గురించి నేను ఏం రాశానన్నదే.

అందుకే మెదడును క్రమంగా దెబ్బతీసే హంటింగ్టన్ లాంటి వంశపారంపర్య జబ్బులో వయసును లెక్కలోకి తీసుకోక తప్పదు. వెనిజులాలో మరకైబో సరస్సు ఒడ్డున ఉన్న పెద్ద కుటుంబాల సాయంతో 1983లో ఆ జన్యువు 4వ క్రోమోజోము మీదుందని తేలింది. అసలు జన్యువు చేతికి రావడానికి 1993 దాకా పట్టింది. లక్షణాలు ఎక్కువగా నడివయసులో మొదలయ్యే జబ్బులో పాతికేళ్ళ ఆరోగ్యవంతుడు దేనికీ సాక్షి కాదు. రొమ్ము క్యాన్సర్‌లో చిక్కు రెండో వైపు నుంచి ఉంది: జన్యువు లేకపోయినా జబ్బు వచ్చేవాళ్ళు కుటుంబంలోనే ఉంటారు. 1990లో మేరీ క్లెయిర్ కింగ్ బృందం 23 కుటుంబాలను జబ్బు వచ్చిన సగటు వయసు ప్రకారం వరుసలో పెట్టింది. చిన్న వయసులో వచ్చిన కుటుంబాల్లో 17వ క్రోమోజోము మీద లాడ్ 5.98కి చేరింది. అవే కుటుంబాలను వయసు చూడకుండా ఒకే కుప్పగా పోసి ఉంటే ఆ సంకేతం మునిగిపోయేది. ఆ సంకేతం వెనకున్న బీఆర్‌సీఏ1 జన్యువు 1994లో దొరికింది.

దీనికి ఎదురు కథ కూడా ఉంది. 1987లో అమెరికాలో ఆమిష్ అనే మతసమూహానికి చెందిన ఒక వంశంలో బైపోలార్ అనే మానసిక జబ్బుకు 11వ క్రోమోజోము మీద బలమైన లింకేజీ కనబడింది. ఆ తర్వాత, ఆరోగ్యవంతులుగా లెక్కించిన ఇద్దరికి జబ్బు మొదలైంది, వంశవృక్షానికి ఇంకొందరు చేరారు. 1989కి ఆ లింకేజీ నిలవలేదు.

నా కోడులో ఇప్పుడు ఆరోగ్యవంతుడికి ఒక్క గడి కాదు, వయసును బట్టి నాలుగు తరగతులు.

19వ రోజు

ఈరోజు దొరికింది నా కోడులో తప్పు కాదు, నా ఊహలో తప్పు. జబ్బు ఉన్న ఇద్దరేసి తోబుట్టువులతో 60 కుటుంబాలు పుట్టించాను. తల్లిదండ్రుల శాంపిళ్ళు లేవు. లింకేజీ లేదు. అయినా మొత్తం లాడ్ 3 దాటింది.

కారణం తెలిశాక సిగ్గేసింది. డేటా పుట్టించేటప్పుడు మార్కర్ అల్లీల్ 1 జనాభాలో 70 శాతం అని పెట్టాను. విశ్లేషణ ఫైల్లో మాత్రం నాలుగు అల్లీళ్ళూ తలా పాతిక శాతం అని బద్ధకంగా వదిలేశాను. తల్లిదండ్రులు కనబడనప్పుడు ప్రోగ్రాము ఆ ఖాళీని అల్లీల్ తరచుదనంతోనే పూరిస్తుంది. ఇద్దరిలోనూ 1 కనబడగానే, ఇంత అరుదైనది ఇద్దరికీ ఉందంటే ఒకే చోట నుంచి వచ్చి ఉండాలి అనుకుంది. నిజానికి అది అందరి దగ్గరా ఉన్నదే. సరైన తరచుదనం ఇవ్వగానే స్కోరు సున్నా దగ్గరికి వచ్చింది. లేని మనుషుల గురించి ఏమీ అనుకోకుండా ఉండలేం, కానీ అనుకున్నదేమిటో ఫైలు మొదట్లోనే రాసి పెట్టుకోవాలి.

22వ రోజు

టీడీటీ. 1993లో స్పీల్‌మన్, మెగిన్నిస్, ఎవెన్స్ ఇచ్చిన పరీక్ష. జబ్బు ఉన్న బిడ్డ, తల్లి, తండ్రి చాలు. విషమయుగ్మజ తల్లిదండ్రుల్ని, అంటే రెండు వేరు అల్లీళ్ళు ఉన్నవాళ్ళని, మాత్రమే చూడాలి: రెండు అల్లీళ్ళలో ఏది బిడ్డకు ఇచ్చారు, ఏది ఇవ్వలేదు? ఇవ్వని అల్లీలే పోలికకు నిలబడుతుంది కాబట్టి, వేరువేరు జనసమూహాలు కలిసిపోవడం వల్ల పుట్టే దొంగ సంబంధాలు ఇక్కడ మోసం చేయలేవు. ఇన్సులిన్ మీద ఆధారపడే మధుమేహంలో, విషమయుగ్మజ తల్లిదండ్రులు జబ్బు ఉన్న బిడ్డలకు అల్లీల్ ఇచ్చిన 124 సార్లలో, ఇన్సులిన్ జన్యువు పక్కనున్న ఒక అల్లీల్‌ను 78 సార్లు ఇచ్చారు, 46 సార్లు ఇవ్వలేదు. తేడా 32, దాని వర్గం 1024, దాన్ని 124తో భాగిస్తే పరీక్ష స్కోరు 8.26. నా కోడు కూడా 8.26 అంది.

వెంటనే అత్యాశకు పోయాను. తండ్రి శాంపిల్ లేని కుటుంబాలను ఎందుకు పారేయాలి? మార్కర్ రెండు అల్లీళ్ళను పెద్ద ఏ, చిన్న ఏ అందాం. తల్లిలో రెండూ ఒక్కొక్కటి ఉన్నాయనుకుందాం. బిడ్డలో రెండూ పెద్దవే ఉంటే తల్లి పెద్దది ఇచ్చినట్టు, రెండూ చిన్నవే అయితే చిన్నది ఇచ్చినట్టు. బిడ్డలో ఒకటీ ఒకటీ ఉంటే ఎవరిచ్చారో తేలదు, వదిలేద్దాం. న్యాయంగానే కనబడింది. జబ్బుతో సంబంధమే లేని మార్కర్‌తో నడిపితే నాలుగుకు ఒకటి లెక్కన పెద్ద ఏ గెలిచింది!

చూస్తే అర్థమైంది. బిడ్డలో రెండూ పెద్దవి ఉండాలంటే కనబడని తండ్రి కూడా పెద్దదే ఇచ్చి ఉండాలి. జనాభాలో పెద్ద ఏ 80 శాతం కాబట్టి అది 80 శాతం సార్లు జరుగుతుంది, చిన్నవాటి జంట 20 శాతమే. నేను కొలిచింది తల్లి ఇచ్చినదాన్ని కాదు, లేని తండ్రి జనాభాను. 1995లో కర్టిస్, షామ్ సరిగ్గా ఈ హెచ్చరికే చేశారు. ఆ కుటుంబాలను తీసేశాను.

27వ రోజు

8వ రోజు నన్ను ఏడిపించిన ఉచ్చు ఈరోజు ఆదుకుంది. అరుదైన అంతర్గత జబ్బుల్లో, అంటే జబ్బు అల్లీల్ రెండు ప్రతులూ ఉంటేనే వచ్చేవాటిలో, రక్తసంబంధీకుల పెళ్ళిళ్ళ నుంచి పుట్టిన బిడ్డలు చాలా చెబుతారు. తోబుట్టువుల పిల్లల మధ్య పెళ్ళైతే, ఏదైనా ఒక చోట బిడ్డ రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి ప్రతి నుంచే వచ్చే అవకాశం 16లో 1. జబ్బు అల్లీల్ జనాభాలో నూటికి ఒకటి ఉంటే, జబ్బు వచ్చిన బిడ్డలో ఆ రెండు ప్రతులూ ఒకే మూలం నుంచి వచ్చినవయ్యే అవకాశం 87 శాతం. వెయ్యికి ఒకటైతే 98 శాతం పైనే. కాబట్టి జన్యువు చుట్టూ పొడవాటి సమయుగ్మజ ముక్క, అంటే రెండు ప్రతులూ ఒకేలా ఉన్న ముక్క, ఉండాలి. 1987లో లాండర్, బాట్‌స్టీన్ చెప్పింది ఇదే. అలాంటి ఒక్క బిడ్డ ఇవ్వగల లాడ్ 16కు లాగరిథం, 1.20. సంబంధం లేని తల్లిదండ్రులకు జబ్బుతో ముగ్గురు పిల్లలు ఉంటే వచ్చేదీ అంతే.

30వ రోజు

స్నేహితురాలు ఒక ఫైలు పంపింది, తనే పుట్టించినది. జన్యువు ఎక్కడుందో కాదు, అసలు ఉందో లేదో కూడా చెప్పనంది. పెనెట్రెన్స్ 0.8 అని మాత్రం రాసింది, జబ్బు 35 దాటాకే ఎక్కువగా బయటపడుతుందని పక్కన చిన్న గమనిక.

తొలి పరుగులో ఒక చోట 2.41. ఎవరు అడ్డం పడుతున్నారా అని చూశాను. 24 ఏళ్ళ ఆరోగ్యవంతుడు, ఆ చోట జబ్బు హాప్లోటైప్ ఉన్నవాడు. వయసు రాలేదు కదా అని అతన్ని ‘తెలియదు’గా మార్చాను. 2.89. చేయి ఆగింది. నేను అతని వయసు చూసింది అతను స్కోరు తగ్గించినందుకు. స్కోరు పెంచినవాళ్ళ వయసు చూశానా?

చూశాను. 35 లోపు ఆరోగ్యవంతులు మరో ఇద్దరున్నారు, ఇద్దరిలోనూ ఆ హాప్లోటైప్ లేదు. నియమం ఒకటే అయితే వాళ్ళూ ‘తెలియదు’ కావాలి. ఒక్కొక్కరికీ 0.22 పోయింది. 2.44.

ఆమెకు రాశాను: “2.44 వచ్చింది, 3.3కి చాలదు. 35 లోపు ఆరోగ్యవంతులు ముగ్గురినీ తెలియదు అని పెట్టాను. ఇంకో కుటుంబం ఉంటే పంపు.”

అరగంటకు రెండో ఫైలు వచ్చింది. ఈసారి స్కోరు నడపకముందే వయసుల గడి నింపాను.